నాలుగు వేళ్ళ వెడల్పు

బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు మా వైపు. నేను బావమరిదిని కాబట్టి ఈ సామెత నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. మా అప్పని పద్మనాభం ఊరికి దగ్గర పల్లెలో ఇచ్చారు. ఆమెకి నేనొక్కడినే తమ్ముణ్ణి. మా బావ బతుకు కోరేవాళ్ళలో మొదటి వరసలో ఉన్నది నేనేనని చాలా ఏళ్ళు నమ్మాను. ఆ నమ్మకం ఒక ఆదివారం పొద్దున్న పోయింది. ఎలా పోయిందో దాచుకోకుండా రాయాలని కూర్చున్నాను.

నేను స్టీల్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని. ఇల్లు కూర్మన్నపాలెంలో. చేతిలో స్పానర్, జేబులో టేపు, ఇదే నా ఉద్యోగం. కొలత లేని మాట నాకు గిట్టదు. ఎవరైనా “కొంచెం జరుపు” అంటే ఎంతో చెప్పమంటాను. “కూరలో ఉప్పు తగ్గిందంటే చాలదు, ఎంత తగ్గిందో మిల్లీమీటర్లలో చెప్పండి” అని మా ఆవిడ వెక్కిరిస్తుంది. వెక్కిరింపు కూడా నాకు మెప్పులాగే వినపడేది.

కిందటేడు తొలకరి పడ్డ కొత్తలో, షిఫ్టు దిగి బండి తీస్తుంటే అప్ప ఫోన్ చేసింది.

“ఒరే, మీ బావ ట్రాక్టరు లేచిపోనాదిరా. జీడితోటలో దున్నుతుంటే ఎనక సక్రం ఇంతెత్తు లేచిపోనాది. నా కల్లతో సూసినాను.”

వెనకనుంచి బావ గొంతు వినపడింది. ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు. “దాని మాటలకేటిలే బావా. ఏటీ అవనేదు.”

ఏమీ అవలేదంటే నేను నమ్మను. ప్లాంట్‌లో ఏమీ అవలేదని మొదలైనవి ఎక్కడ తేలతాయో నాకు తెలుసు.

బావది చిన్న ట్రాక్టర్. వంగ సాళ్ళలో, బెండ సాళ్ళలో మొక్క తొక్కకుండా దూరాలని వెనక చక్రాలు బాగా దగ్గరగా పెట్టించి తెచ్చుకున్నాడు. చదును నేలలో అది సుఖమే. కానీ ఊడ్పులకీ కోతలకీ నడుమ ఆ ఇల్లు గడిచేది కొండ వాలులో జీడితోటలు దున్నడం మీద. మనిషి కాళ్ళు దగ్గర పెట్టుకుని నిలబడితే భుజం తగిలినా పడతాడు, ఎడంగా పెట్టుకుంటే తోసినా పడడు. ట్రాక్టరూ అంతే. వాలులో అది ఒక్కసారి పక్కకి ఒరిగిందంటే దూకడానికి కూడా వ్యవధి ఉండదు. మా బావకి ఏభై దాటాయి. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు.

ఆ వారమే ఆటోనగర్ వెళ్ళి, నాకు తెలిసిన ముసలి మెకానిక్‌ని అడిగాను. వెనక చక్రం డిస్కు పళ్ళెంలా లోతుగా ఉంటుంది. ఆ లోతు ఒకవైపు తిరిగి ఉంటే చక్రాలు దగ్గరవుతాయి, రెండోవైపు తిరిగితే ఎడమవుతాయి. చేయాల్సిందల్లా కుడి చక్రం ఎడమకి, ఎడమ చక్రం కుడికి మార్చడం. అలా మారిస్తే టైరు మీది గీతలు కూడా ముందుకే చూస్తాయి. ఉన్నచోటే తిప్పి బిగిస్తే గీతలు వెనక్కి చూస్తాయి, బురదలో బండి కదలదు. ఇదంతా చెప్పి, చివర్లో ఆయన ఒక మాట అడిగాడు.

“అంతా బాగుంది గానీ, ఆ బండి తిరిగే దారి ఎంత ఉందో సూసుకున్నావా?”

“ఆ దారి నాను వేయించిందే,” అన్నాను.

నిజంగానే నేను వేయించిందే. కానీ ఆ మాట ఎంత గర్వంగా అన్నానో ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే చిరాకేస్తుంది.

ఆదివారం నా వీక్లీ ఆఫ్. పొద్దున్నే మోటార్ సైకిల్ మీద జాకీ, స్పానర్లు కట్టుకుని బయల్దేరాను. అప్ప వాకిట్లోనే పని. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, వెనక జాకీ ఎత్తి, ఇరుసు కింద చెక్క దిమ్మలు పెట్టాను. బావ చక్రం దొర్లిస్తుంటే నేను పట్టాను. మధ్యాహ్నానికి అయిపోయింది. ఒక్కో చక్రం నాలుగేసి వేళ్ళు బయటికి జరిగింది. ట్రాక్టర్ నిలబడ్డ తీరే మారిపోయింది. దూరంనుంచి చూసి, ఇంక ఇది పడదు అనుకున్నాను. అప్ప చేపల పులుసు పెట్టింది. బావ మాత్రం రెండుసార్లు లేచి వెళ్ళి చక్రాల మధ్య నేలకేసి చూసి వచ్చాడు. నా పనితనం చూసి మురిసిపోతున్నాడనుకున్నాను.

కొత్తగా మార్చిన చక్రాల నట్లు కొన్ని రోజులు తిరిగాక మళ్ళీ బిగించాలి. ఎవరికో అప్పగించే మనిషిని కాను. తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు. పొలానికి వెళ్ళారని పక్కింటామె చెప్పింది. నేరుగా గోర్జి దగ్గరికి నడిచాను.

గోర్జి అంటే రెండు గట్ల నడుమ బండి పట్టేంత దారి. ఒక పక్క బావ మడి, ఇంకో పక్క ఆయన అన్న మడి. ఊళ్ళోంచి కొండ కిందికి వెళ్ళాలంటే ట్రాక్టర్‌కి అదొక్కటే తోవ. నేను ఒక చివర నిలబడేసరికి రెండో చివరనుంచి ట్రాక్టర్ ఎదురొస్తోంది. ఎడమ చక్రం నేల మీద ఉంది. కుడి చక్రం అన్నగారి గట్టు పాదం రాళ్ళ మీదికెక్కి నడుస్తోంది. బండి మొత్తం ఎడమకి వాలిపోయి ఉంది. బావ సీటు మీద కుడివైపుకి ఒరిగి, చేత్తో మడ్‌గార్డు పట్టుకున్నాడు. తడిసిన రాళ్ళు. వెనకాల మా అప్ప నడుస్తోంది, రెండు చేతులూ కాస్త ముందుకి చాపి. ఆ బండి ఒరిగితే ఆమె ఆపగలదా. కానీ చేతులు అలాగే ఉన్నాయి. గట్టవతల తన మడిలో అన్నగారు పార పట్టుకుని నిలబడి ఇదంతా చూస్తున్నాడు. కదలలేదు. దాయాది అంటే ఇదే కాబోలు అనుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

గోర్జి దాటాక బావ బండి ఆపాడు. అప్ప గట్టు మీద కూర్చుండిపోయింది.

“ఎన్నాళ్ళబట్టి ఇలగెల్తన్నావు?” అన్నాను.

“నువ్వు మార్సినకాడ్నుంచీ.”

“మరి నాకు సెప్పవేటి?”

“నువ్వంత దూరంనుంచొచ్చి, ఎండలో అంత కట్టపడి సేసినావు. బాగానేదని ఏటి సెప్పను బావా.”

వాలులో పడకూడదని నేను చక్రాలు ఎడం చేశాను. ఆ ఎడం వల్ల ఇప్పుడు వాలు రోజూ ఇంటి దగ్గరే మొదలవుతోంది. అంతకుముందు ఏడాదికి ఒకసారి లేచే చక్రాన్ని రోజుకి రెండుసార్లు లేపుతున్నాను. నట్లు బిగించడానికి తెచ్చిన స్పానర్ పక్కన పడేసి టేపు తీశాను. ఇంకేం చేయాలో తెలియకపోతే నేను చేసేది అదే. పాత చక్రాలకి గోర్జిలో అటు రెండు వేళ్ళు, ఇటు రెండు వేళ్ళు సందు ఉండేది. ఇప్పుడు మొత్తం మీద నాలుగు వేళ్ళు చాలడం లేదు.

“మార్సీ బావా,” అన్నాడు ఆయన. “మునపట్లాగే పెట్టీ. గొడవొదిలిపోతాది.”

“మరి జీడితోటలు?”

“ఒగ్గెత్తాను.”

అప్ప తల ఎత్తలేదు. తోటల పని మానేస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. చక్రాలు దగ్గరగా పెడితే కొండ మీద ప్రమాదం, ఎడంగా పెడితే గోర్జిలో ప్రమాదం. ఈ రెండింటి మధ్య ఉన్నది మా అప్ప భర్త.

ఆ గోర్జి అంత ఇరుకు ఎందుకయిందో ఇక్కడ చెప్పాలి. పదకొండేళ్ళ కిందట అన్నదమ్ములు మడి పంచుకున్నారు. పంపకాల్లో బావమరదులు కలగజేసుకోకూడదంటారు. నేను కలగజేసుకున్నాను. బావ మెత్తని మనిషి, అన్న ఎంతంటే అంత ఒప్పేసుకుంటాడని నా భయం. అప్పకి అన్యాయం జరగకూడదని టేపు పట్టుకుని వెళ్ళాను. అప్పుడు అన్నగారు, “దారికి సెరో మూరెడు ఎక్కువ ఒగ్గుదాం, రేపు ఏ బండొస్తాదో” అన్నాడు. మూరెడు నేల ఆ పొడుగంతా లెక్కగడితే ఎంతవుతుందో నేను అక్కడికక్కడే అందరి ముందూ చెప్పాను. ఎడ్లబండి కొలిచి, ఇరుసుకి ఇంత, అటూ ఇటూ ఇంత, చాలు అన్నాను. దారి పేరు చెప్పి ఆ నేల మింగేద్దామని చూస్తున్నారా అని కూడా అన్నాను. అంతటితో ఆగలేదు. ఎవరూ గట్టు జరపకుండా రెండు పక్కలా గట్టు పాదానికి రాళ్ళు పేర్పించాను. ఆ మాట తర్వాత ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. నాతోనే కాదు, తమ్ముడితో కూడా మాట్లాడలేదు. తమ్ముడు నన్ను ఆపలేదు కదా మరి. నేను మాత్రం న్యాయం గెలిచిందనుకుని కూర్మన్నపాలెం వచ్చేశాను. వాళ్ళు అక్కడ ఉండిపోయారు, గట్టుకి ఆ పక్కొకరు, ఈ పక్కొకరు.

ఆ ఆదివారం చేసేది లేక గట్టు దాటి ఆయన మడిలోకి దిగాను. నేను చేసిన పనికి నేనే వెళ్ళి అడగాలనిపించింది. కోపం కూడా ఉంది, దాచడం దేనికి. చూస్తూ నిలబడ్డాడన్న కోపం.

“ఏటి బాబూ, ఇలగొచ్చినారు?” అన్నాడు.

ఒకప్పుడు నన్ను “ఒరే బావా” అని పిలిచి, వీపు మీద ఒకటి వేసేవాడు. ఇప్పుడు బాబూ, గౌరవం. అప్పటికే నాకు సగం ధైర్యం పోయింది.

“పెద్దబావా, బండి వాలిపోతంది. నువ్వూ సూసినావు. నీ పక్క రాళ్ళు ఒక్క వరస తీత్తే సరిపోతాది. నాలుగు వేళ్ళే.”

ఆయన పార కింద పెట్టాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. దగ్గరగా చూసి చాలా కాలమైంది కదా, అప్పుడే గమనించాను.

“ఆ రోజు నాను మూరెడు ఒగ్గుదామన్నాను. గుర్తుందేటి?”

“ఉంది.”

“మీరేటన్నారు?”

నాకు గుర్తున్నదంతా ఆయన ముందు మళ్ళీ చెప్పాను. మింగేద్దామని చూస్తున్నారా అన్న మాటతో సహా చెప్పాను. చెప్పి, తప్పయిపోయింది పెద్దబావా అన్నాను. ఆయన గోర్జి కేసి చూశాడు.

“గోర్జికి గట్లెన్ని బాబూ?”

“రెండు.”

“ఒకటి నాది. రెండోది ఎవుల్ది?”

నేను వెనక్కి తిరిగి మా గట్టు కేసి చూశాను.

“మీ పక్క రాళ్ళు తీసుకోడానికి నన్నడగక్కర్నేదు కదా. నాలుగు వేళ్ళే కదా. మీ గట్టులో తీసుకుంటే ఆ బండి ఆ రోజే తిన్నగా ఎల్లిపోయేది.” ఆయన గొంతులో కోపం లేదు. “ఆరు రోజులబట్టి పొద్దున్నే ఆడొచ్చీ టైముకి పార ఒట్టుకుని ఇక్కడ నిలబడతన్నాను. మీ పక్క ఒక్క రాయి తీత్తే, నా పక్క రెండు తీద్దునని. మీరు తియ్యనేదు. నాను ముందు తీత్తే సరిహద్దు మార్సినాడంతారు. మీరు మల్లీ టేపు ఒట్టుకొత్తారు.”

అక్కడ నేను పడ్డ సిగ్గు ఇంకెక్కడా పడలేదు. ఇందాకే గోర్జి అంతా కొలిచాను. చక్రం నుంచి ఆయన గట్టు దాకా కొలిచాను. మా గట్టు మాకు దారికి అడ్డంగా కనపడనే లేదు. అది మా మడి. అడ్డంగా ఉన్నది ఎప్పుడూ అవతలివాడి గట్టే. పనిలో దిగాక అన్ని పక్కలా చూడమని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పే మనిషిని నేను. పార పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి చావు కోరుతున్నాడనుకున్నాను. ఆయన రాయి తీయడానికి నిలబడ్డాడు.

వెనక్కి వచ్చి, విన్నది విన్నట్టు బావకి చెప్పాను. ఆయన ట్రాక్టర్ సీటు మీదే కూర్చుని ఉన్నాడు. అప్ప గట్టు మీదనుంచి వింటోంది. ఇంత పెద్ద సంగతి చెప్పాను, బావ ఆశ్చర్యపోతాడనుకున్నాను.

“నాకు తెల్సు,” అన్నాడు.

“ఏటి తెల్సు?”

“మన గట్టు రాళ్ళు మనం తీసుకోవచ్చని.”

“మరి ఎందుకు తియ్యనేదు?”

స్టీరింగ్ మీద వేలితో రుద్దాడు. మన పక్క గట్టు మీద అప్ప కంది వేసింది, అది పాడవుతుందని ఏదో అన్నాడు. తర్వాత అది కూడా ఆపేశాడు.

“రోజూ మా అన్న అక్కడ నిలబడి సూత్తన్నాడు. నా బండి ఇంత వాలిపోతుంటే ఒచ్చి ఒక్క రాయైనా తీత్తాడా, తియ్యడా అని సూసినాను బావా.”

“పడిపోతేనో?”

“పడిపోతే ముందు లగెత్తుకొచ్చేది ఆడే కదా.”

పదకొండేళ్ళుగా పలకని అన్న పరుగెత్తుకు రావాలంటే ఏం కావాలో ఆయన లెక్క వేసుకున్నాడు. ఆ లెక్కతోనే ఆరు రోజులు, పొద్దునొకసారి సాయంత్రమొకసారి, కావాలనే అన్నగారి గట్టు మీదికే చక్రం ఎక్కించాడు. నేను టేపుతో చేసిన పని ఇంతవరకు వచ్చింది.

అప్ప లేచింది.

“ఆయన సూత్తన్నాడు, నువ్వు సూత్తన్నావు. ఆరు రోజులబట్టి ఎనకాల సేతులు సాపుకుని నడిసినదాన్ని నాను. నాకేసి ఎవులైనా సూసినారా?”

అంతే అంది. గొంతు పెంచలేదు. మడి చివర పాకలోకి వెళ్ళి గునపం తెచ్చింది. భర్త అన్న ఎదురుపడితే ఆమె ఇప్పటికీ పైట తలమీదికి లాక్కుని పక్కకి తప్పుకుంటుంది. పెళ్ళయిన నాటినుంచీ ఆయన ముందు నోరు విప్పి మాట్లాడి ఎరగదు. ఆ రోజు పైట నడుముకి దోపి, ఆయన చూస్తుండగానే గోర్జిలోకి దిగింది. మా పక్క గట్టు మీద తను వేసిన కంది మొక్కలు వరసగా పీకి ఒడ్డున పడేసింది. గునపం మొన రాళ్ళ సందులో దూర్చి ఒత్తింది. నేను దగ్గరుండి పేర్పించిన రాయి అంత తేలిగ్గా రాదు. మూడోసారికి కదిలింది. దొర్లి గోర్జి మధ్యలో పడింది.

అవతలి గట్టు దగ్గర అన్నగారు వంగాడు. చేతులతోనే మట్టి గీకి తన పక్క రాయి ఒకటి ఊడదీశాడు. ఆయాసపడుతూ దాన్ని తన మడిలోకి దొర్లించి, రెండోదాని కోసం మళ్ళీ వంగాడు. బావ సీటు మీదనుంచి దిగడం నేను చూశాను.

అప్ప అరచేతులు అప్పటికే కందిపోయాయి. నేను గబగబా వెళ్ళి గునపం మీద చెయ్యి వేశాను.

“ఇటియ్యి అప్పా, నాను తీత్తాను.”

ఆమె గునపం వదల్లేదు. నన్ను చూసిన చూపులో కోపం ఉన్నా బాగుండేది.

“నీకిత్తే మల్లీ కొలుత్తావురా. ఎనక్కెల్లు.”

వెనక్కి జరిగాను. ఈ మాట ఎవరో ఒకరు నాతో పదకొండేళ్ళ కిందటే అని ఉంటే బాగుండేది. ఆమె ఊడదీసిన రాళ్ళు ఒక్కొక్కటీ తట్టలోకి ఎత్తుకుని, మధ్యాహ్నం దాకా మోశాను.